వినపడని ఇంగ్లీషు

హైదరాబాద్‌లో ఉన్న ఇంజనీరు అమెరికా క్లయింటుతో ఫోన్లో "ఐ క్యాన్ ఫినిష్ ఇట్ టుడే" అంటాడు. ఇవాళే పూర్తి చేసేస్తానని ఆయన ఇస్తున్న భరోసా అది. అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, "మరి ఎప్పటికి కుదురుతుంది?" అని అడుగుతాడు. వ్యాకరణం సరిగ్గానే ఉంది, మాటలూ సరైనవే, ఫోన్ లైను కూడా బాగానే ఉంది. అయినా 'చేయగలను' అని బయల్దేరిన మాట అక్కడికి 'చేయలేను'గా చేరింది.

కారణం ఒక్క అచ్చు. అమెరికన్ల మాటలో 'క్యాన్' వాక్యం మధ్యలో వచ్చినప్పుడు నిండుగా పలకదు. 'కన్' అన్నట్టు, తొందరలో 'క్న్' అన్నట్టు నలిగిపోయి, బరువంతా వెనకున్న 'ఫినిష్' మీద పడుతుంది. 'క్యాంట్' అలా కాదు, అది ఎప్పుడూ నిండుగానే పలుకుతుంది. పైగా దాని చివరి టకారం నోట్లోనే ఆగిపోయి తరచుగా బయటికి వినపడదు. కాబట్టి ఆ రెండు మాటలనూ అమెరికన్ చెవి వేరు చేసుకునేది చివరి హల్లుతో కంటే అచ్చు నిండుదనంతోనే. మన ఇంజనీరు ప్రతి అక్షరాన్నీ శ్రద్ధగా, నిండుగా పలికాడు. ఆ శ్రద్ధే అర్థాన్ని తిరగేసింది.

ఇంగ్లీషులో ఏది కష్టమని అడిగితే మనవాళ్లు స్పెల్లింగులంటారు, ఆర్టికల్సంటారు, ప్రిపొజిషన్లంటారు. అవన్నీ కష్టాలే. కానీ నన్నడిగితే తెలుగువాళ్లకు అన్నిటికన్నా పెద్ద కష్టం వేరే చోట ఉంది. ఇంగ్లీషు తన అచ్చుల్లో చాలావాటిని మింగేస్తుంది. తెలుగు చెవేమో ప్రతి అచ్చుకూ లెక్క అడుగుతుంది. వ్యాకరణం దగ్గర మనం పడే తిప్పల్లో కూడా కొన్ని ఇక్కడి నుంచే వస్తాయి. ఇది తెలివికి, కృషికి సంబంధించిన లోపం కాదు. మనం పుట్టిన మొదటి ఏడాదిలోనే మొదలైన సంగతి.

మాత్రల చెవి

తెలుగులో 'గద' వేరు, 'గద్ద' వేరు. 'పలు' వేరు, 'పాలు' వేరు. శబ్దం ఎంతసేపు నిలిచిందన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది కనుక ఈ భాషలో పెరిగిన చెవి కాలాన్ని జాగ్రత్తగా కొలుస్తుంది. మన ఛందస్సు ఆ కొలతనే శాస్త్రంగా మలిచింది. హ్రస్వాచ్చు ఉంటే లఘువు, ఒక మాత్ర. దీర్ఘమున్నా, పక్కన సున్న ఉన్నా, వెనక ద్విత్వమో సంయుక్తమో ఉన్నా గురువు, రెండు మాత్రలు. బళ్లో గణవిభజన చేసినవాళ్లందరికీ తెలిసిన లెక్కే ఇది. పద్యం రాసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ పనికిరాదనుకుని చాలామంది దాన్ని పదో తరగతితో వదిలేస్తారు.

నిజానికి ఈ లెక్క పద్యం చెప్పనివాళ్ల చెవుల్లో కూడా నడుస్తోందనడానికి ప్రయోగశాలలో ఆధారం దొరికింది. లలితా మూర్తి, తకాషి ఒటాకే, ఆన్ కట్లర్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో తెలుగువాళ్లకు జపనీస్ మాటలు వినిపించారు. జపనీస్ కూడా మాత్రల భాషే. హైకూలో లెక్కపెట్టే అయిదు, ఏడు, అయిదు కూడా మాత్రలే. ప్రయోగం తీరు సులువైనది. ఫలానా ముక్క వినబడగానే బటన్ నొక్కాలి. 'తనిషి' లాంటి మాటలో 'త' కోసం వెతకమంటే ఇబ్బంది లేదు. 'తన్' కోసం వెతకమంటే మాత్రం ఆ ముక్క హద్దు 'ని' అనే మాత్రను మధ్యలో కోస్తుంది. ఇలా హద్దులు కలవని చోట తెలుగు శ్రోతలు తడబడ్డారు. అంతకుముందు జరిగిన ప్రయోగాల్లో జపనీయులూ సరిగ్గా అలాగే తడబడ్డారు. ఒకరి భాషతో ఒకరికి ఏ చుట్టరికమూ లేదు, అయినా మాటను ముక్కలు చేసుకునే పద్ధతి ఒకటే. అదే తెలుగువాళ్లకు తెలుగే వినిపించినప్పుడు ఫలితాలు అంత తేటగా రాలేదు. మొత్తం మీద మాత్రం రెండు చెవుల పోలిక స్పష్టంగానే ఉంది.

ఈ చెవితో 'బనానా' వినండి. మన నోట్లో అది ఒక లఘువు, రెండు గురువులు, వెరసి అయిదు మాత్రలు. ఇంగ్లండువాళ్ల నోట్లో మధ్యలో ఉన్న 'నా' ఒక్కటే నిండుగా నిలబడుతుంది. ముందు 'బ', చివరి 'న' రెండింటిలోనూ ఉన్నది ఒకే మసక అచ్చు. నాలుక ఎటూ కదలకుండా, పెదవులు సాగకుండా, నోరు బద్ధకంగా తెరుచుకుంటే వచ్చే శబ్దం అది. భాషాశాస్త్రంలో దాని పేరు ష్వా. మన హ్రస్వ అకారానికి దగ్గరగా ఉంటుంది కానీ దానికన్నా పొట్టిది, దానికన్నా వెలిసిపోయినది.

ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించే అచ్చు ఇదే. అయినా దానికి సొంత అక్షరం లేదు. 'అబౌట్'లో ఏ అనే అక్షరం దాని వేషం వేస్తుంది, 'టేకెన్'లో ఈ, 'పెన్సిల్'లో ఐ, 'లెమన్'లో ఓ, 'సర్కస్' చివర యూ. అయిదు అచ్చక్షరాలూ ఎక్కడో ఒకచోట ఒకే మసక శబ్దంగా కరిగిపోతాయి. బ్రిటిష్ ఇంగ్లీషులో అచ్చు ధ్వనులు దాదాపు ఇరవై, వాటిని రాయడానికి ఉన్న అక్షరాలు అయిదు. ఆ ఇరవైలో మొట్టమొదట నేర్పవలసినదాన్ని మనం బళ్లో నేర్పం, దాని పేరైనా చెప్పం.

ఈ మసక అచ్చు ఎక్కడ వస్తుందో నిర్ణయించేది ఊనిక. ఇంగ్లీషులో ఒకటి కన్నా ఎక్కువ ముక్కలున్న ప్రతి మాటలోనూ ఒక ముక్కను నొక్కి పలుకుతారు. మిగిలినవి దాని పక్కన నలుగుతాయి. 'ఫొటోగ్రాఫ్'లో నొక్కు మొదటి ముక్క మీద, కాబట్టి అది 'ఫో-టగ్రాఫ్' అన్నట్టు వినిపిస్తుంది. 'ఫొటోగ్రఫీ'లో నొక్కు రెండో ముక్కకు జరుగుతుంది. వెంటనే మొదటి అచ్చు చచ్చిపోయి, రెండోది బతికి 'ఫ-టా-గ్రఫి' అవుతుంది. 'ఫొటోగ్రాఫిక్'లో నొక్కు మూడో ముక్క మీదికి పోతుంది, అచ్చులు మళ్లీ తారుమారవుతాయి. మనకు మూడు మాటల్లోనూ 'ఫొటో' అంటే 'ఫొటో'యే. అలా ఉండడమే న్యాయమని మన చెవికి అనిపిస్తుంది కూడా. రోజూ వాడే 'హోటల్', 'ఈవెంట్', 'డెవలప్' మాటల్లో నొక్కు రెండో ముక్క మీద ఉంటుందని ఎంతమంది ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుసు? 'రికార్డ్' అనే మాట నామవాచకమైతే నొక్కు మొదట, క్రియ అయితే చివర. నొక్కు మారితే అర్థం మారడమన్నది తెలుగులో లేదు. అందుకే దాన్ని గమనించాలన్న అవసరం మన చెవికి ఎన్నడూ కలగలేదు.

ఇక వాక్యం సంగతి. "డాగ్స్ ఈట్ బోన్స్" అనే మూడు ముక్కల వాక్యాన్ని పెంచి "ద డాగ్స్ కుడ్ హావ్ ఈటెన్ ద బోన్స్" చేస్తే ముక్కలు ఎనిమిదవుతాయి. తెలుగు లెక్కన పట్టే సమయం కూడా రెండింతలు దాటాలి. ఇంగ్లీషువాళ్ల నోట్లో అంత పెరగదు. కుక్కలు, తినడం, ఎముకలు అనే మూడు బరువైన ముక్కల మధ్య మిగిలినవన్నీ ఇరుకుగా సర్దుకుంటాయి. బరువైన ముక్కలు సమాన వ్యవధిలో వస్తాయని కెనెత్ పైక్ 1945లో, డేవిడ్ అబర్‌క్రాంబీ 1967లో రాశారు. తర్వాత పరికరాలతో కొలిచి చూస్తే అంత ఖచ్చితమైన సమానత్వం కనపడలేదు. కనపడింది వేరొకటి. ఫ్రాంక్ రామస్ బృందం 1999లో ఎనిమిది భాషల్లో వాక్యాలను కొలిచింది. మాట్లాడే సమయంలో అచ్చులకు పోయే వాటా జపనీస్‌లో సుమారు 53 శాతం, ఇంగ్లీషులో 40 శాతం దగ్గర తేలింది. తెలుగు ఆ ఎనిమిదింటిలో లేదు. అయినా అచ్చులు నిండుగా పలికే భాషకూ, వాటిని మింగే భాషకూ మధ్య దూరం ఎంతో ఆ రెండు అంకెలు చెబుతాయి.

ఈ నొక్కులు ఇంగ్లీషువాళ్లకు అలంకారం కావు. మాట ఎక్కడ మొదలవుతుందో వాళ్లకు చెప్పేవి అవే. కాగితం మీద మాటల మధ్య ఖాళీ ఉంటుంది కానీ గాలిలో ఉండదు, శబ్దం ఏకధారగా వస్తుంది. ఆన్ కట్లర్, ఆమె సహచరులు 1980లలో చూపించినదేమిటంటే, ఇంగ్లీషు శ్రోత నొక్కిన ముక్క వినపడిన ప్రతిచోటా కొత్త మాట మొదలైందని అనుకుంటాడు. ఆ ఊహ చాలావరకు నిజమవుతుంది. మామూలు సంభాషణలో అర్థమున్న మాటల్లో దాదాపు 90 శాతం నిండు అచ్చున్న ముక్కతోనే మొదలవుతాయి. ఆ పద్ధతి ఎంత బలమైనదంటే, శబ్దాన్ని బాగా తగ్గించి వినిపించినప్పుడు తప్పులు కూడా దాని దారిలోనే జరుగుతాయి. ఒక ప్రయోగంలో "కండక్ట్ అసెంట్స్ అప్‌హిల్" అన్న మాటలను వినిపిస్తే, డాక్టరు బిల్లు పంపడం గురించి ఏదో విన్నామన్నారు. 'కండక్ట్'లో నొక్కున్న 'డక్' దగ్గర మాటను తెంచి, దాన్నే 'డాక్టర్' మొదలుగా పట్టుకున్నారన్నమాట.

ఇప్పుడు మన మాట వాళ్లకు ఎలా చేరుతుందో ఊహించండి. అన్ని ముక్కలూ సమానంగా నిండుగా వస్తే, కొత్త మాట మొదలైందన్న కబురు ప్రతి ముక్కకూ వెళ్తుంది. మనం తడబడకుండా గడగడా మాట్లాడుతున్నా వాళ్లు "సారీ?" అని మళ్లీ అడిగేది అందుకే. అటునుంచి వాళ్ల మాట మనకు చేరేటప్పుడు తిరకాసు ఇంకో రకం. మాత్రలు లెక్కపెట్టే చెవికి లెక్కకు ఏమీ చిక్కదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే ప్రతి మాటా తెలిసినదే, తీసేస్తే సినిమా సగం అర్థం కాదు. మాటలు రాకపోవడం వల్ల కాదు, వచ్చిన మాటలు ఆ రూపంలో వినపడకపోవడం వల్ల.

ఏడాదికే తలుపులు

చెవి ఇలా ఒక భాషకు ఎప్పుడు అమరిపోతుంది? దీనికి జవాబు చెప్పిన ప్రయోగాల్లో ప్రసిద్ధమైనది మన అక్షరాలతోనే జరిగింది. కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన అది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి హిందీ 'త'ను పదేపదే వినిపిస్తారు. మధ్యలో అది 'ట'గా మారుతుంది. మార్పు వినపడి బిడ్డ తల తిప్పితే పక్కన బొమ్మ వెలుగుతూ ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో దాదాపు అందరూ తల తిప్పారు. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో తిప్పినవాళ్లు చాలా కొద్దిమంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దవాళ్లకూ ఆ తేడా వినపట్టడం కష్టమే.

'తాత', 'టాటా' మనకు ఎంత దూరమో వాళ్లకు అంత దగ్గర. మెదడు తనకు ఇంట్లో పనికిరాని తేడాలను వినడం మానుకుని, పనికొచ్చేవాటిని పదునుపెట్టుకుంటుంది. భాష నేర్చుకోవడమంటే కొంత వినకపోవడం నేర్చుకోవడం కూడా. ఇదే మనకూ జరిగింది. పడమటి దిక్కును చెప్పే 'వెస్ట్', లోపల తొడుక్కునే 'వెస్ట్' ఇంగ్లీషులో వేర్వేరు హల్లులతో మొదలవుతాయి. ఒకదానికి పెదవులు గుండ్రంగా ముడుచుకోవాలి, రెండోదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, వింటే కూడా ఒకటే. మాట మొదట్లో వచ్చే ప, ట, కలను ఇంగ్లీషువాళ్లు కాస్త ఊపిరి విడిచి, మన ఒత్తక్షరాల్లా పలుకుతారు. ఊపిరి లేని మన 'పిన్' వాళ్ల చెవికి 'బిన్' అనిపించవచ్చు. వర్ణమాలలో ఖ, ఠ ఉన్న భాష మనది. అయినా అక్కడ వాటి అవసరముందని మనకు ఎవరూ చెప్పరు.

చెవి లేనిదాన్ని కూడా వినగలదు. ఇమాన్యుయెల్ డుపూ బృందం 1999లో 'ఎబ్జో' అనే అర్థం లేని మాటను జపనీయులకు వినిపించింది. బకారం, జకారం మధ్య ఏ అచ్చూ లేదు. జపనీయులకు మాత్రం అక్కడ ఉకారం వినిపించింది, 'ఎబుజో' అన్నట్టు. ఫ్రెంచివాళ్లకు అలా వినపడలేదు. తమ భాషలో హల్లు పక్కన హల్లు అలా రాదు కాబట్టి జపనీస్ మెదడే ఒక అచ్చును అక్కడ పెట్టేసింది. తెలుగు మాటలు కూడా ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అరువు తెచ్చుకున్న బస్, కప్, పెన్ మన నోట్లో బస్సు, కప్పు, పెన్ను అయ్యాయి. కార్, కోట్, గేట్ మాత్రం కారు, కోటు, గేటు. హ్రస్వమున్నచోట చివరి హల్లు రెట్టించింది, దీర్ఘమున్నచోట చాలావరకు రెట్టించలేదు. చివర పొల్లు ఉంది కాబట్టి 'బస్' కూడా గురువే. ఉకారం చేర్చి 'బసు' అంటే రెండు లఘువులైపోయి మొదటి ముక్క బరువు తగ్గుతుంది. ద్విత్వం పెడితే గురువు గురువుగానే నిలుస్తుంది. ఏ పండితుడూ కూర్చుని చేసిన ఏర్పాటు కాదిది. బస్సెక్కే జనం నోళ్లలో మాత్రల లెక్క తనంతట తనే సరిపెట్టుకుంది.

వినపడనిది నోటికీ రాదు

'ది' ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియక బాధపడని తెలుగు విద్యార్థి ఉండడు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఈ కష్టం అంటారు. అది నిజమే. అయితే తెలిసిన వస్తువుకూ తెలియని వస్తువుకూ తేడా చూపడం మనకు రాదని కాదు. "పుస్తకం తెచ్చాను", "పుస్తకాన్ని తెచ్చాను" అన్న వాక్యాల్లో రెండోదానికి ఇద్దరికీ తెలిసిన పుస్తకమే అన్న ఛాయ ఉంది. భావం మనకుంది. మరి వేల సార్లు విన్నా ఆర్టికల్ ఎందుకు పట్టుబడదు? వేల సార్లు వినలేదు కనుక. మాటల్లో 'ది' అనేది దాదాపు ఎప్పుడూ నొక్కు లేని, మసక అచ్చున్న చిన్న శబ్దం. 'ఎ' అయితే ఉత్త మసక అచ్చే, పక్కనున్న మాటకు అంటుకుపోయి వస్తుంది.

ఇంగ్లీషు వ్యాకరణంలో మనల్ని పీడించేవాటిని ఒక వరుసలో పెట్టి చూడండి. ఆర్టికల్స్, 'హావ్', 'హాడ్' లాంటి సహాయక క్రియలు, 'ఆఫ్', 'టు', 'ఎట్', మాట చివర ఎస్, భూతకాలపు ఈడీ. అన్నీ నొక్కు లేనివే, అన్నీ ఇంగ్లీషు మింగేసేవే. 'షి వాక్‌డ్ టు వర్క్' అన్నప్పుడు భూతకాలాన్ని చెప్పే శబ్దం వెనక వచ్చే 'టు'లో కలిసిపోతుంది. అది భూతకాలమని చెవి మాత్రమే చెప్పలేదు, సందర్భం చెప్పాలి. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఏ ప్రత్యయాన్ని ముందు పట్టుకుంటారు, ఏది ఆలస్యంగా వస్తుంది అన్న విషయంపై జెనిఫర్ గోల్డ్‌ష్నైడర్, రాబర్ట్ డెకైసర్ 2001లో అప్పటిదాకా వచ్చిన పలు పరిశోధనలను కలిపి పరిశీలించారు. ఆ వరుసను నిర్ణయించే కారణాల్లో ఆ శబ్దం ఎంత స్పష్టంగా వినిపిస్తుందన్నది ముఖ్యమైనదని తేలింది. మనం వ్యాకరణ దోషమని ఎర్ర సిరాతో కొట్టేసే తప్పుల్లో కొన్ని చెవికి అందని శబ్దాలన్నమాట.

స్పెల్లింగు ఈ కష్టాన్ని కప్పిపెడుతుంది. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణ మొదలుపెట్టే సమయానికి ఇంగ్లీషు దీర్ఘాచ్చులు పెద్ద మార్పులో ఉన్నాయి. ఆ మార్పు సుమారు మూడు వందల ఏళ్లు నడిచింది. ముద్రణతో రాత కుదురుకుంది, పలుకు సాగిపోయింది. రాతకూ పలుకుకూ మధ్య ఉన్న ఈ అగాధం గురించి చాలామంది చాలా రాశారు. నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. మనం ఇంగ్లీషును కళ్లతో నేర్చుకుంటాం. గుణింతం వచ్చిన పిల్లకు అక్షరం కనపడితే దాన్ని నిండుగా పలకాలన్నది మొదటి పాఠం. తెలుగుకు ఆ పాఠం బంగారం. అదే అలవాటుతో 'కంఫర్టబుల్' చదివితే ప్రతి అచ్చూ పలుకుతుంది, కానీ ఎదుటి మనిషి నోట్లోంచి వచ్చే 'కంఫ్టబుల్'తో దానికి పోలిక కుదరదు.

ఫ్రేజల్ క్రియలు, జాతీయాలు కూడా కష్టమే. వాటిని వాడుకలో కాలమే నేర్పుతుంది. చెవి సంగతి అలా కాదు, దానికి కావాలని సాధన చేయించాలి.

పెద్దయ్యాక రాదా?

వయసు దాటితే రాదన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. జాషువా హార్ట్‌షోర్న్, జాషువా టెనెన్‌బామ్, స్టీవెన్ పింకర్ 2018లో దాదాపు 6,70,000 మంది నింపిన ఆన్‌లైన్ వ్యాకరణ పరీక్షను విశ్లేషించారు. వ్యాకరణం నేర్చుకునే శక్తి సుమారు 17 ఏళ్ల దాకా పెద్దగా తగ్గదని, పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లతో సమానం కావాలంటే మాత్రం పదేళ్ల లోపు మొదలుపెట్టాలని వాళ్ల అంచనా. దీనిమీద చర్చ ఇంకా సాగుతోంది. ధ్వనుల విషయంలో తలుపులు ఇంకా ముందే మూసుకోవడం మొదలవుతుందని వాంకూవర్ పిల్లలు చూపించారు కదా.

అది చదివి పసిపిల్ల చేతికి ఇంగ్లీషు వీడియోలున్న ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులకు పట్రీషియా కూల్ బృందం 2003లో సియాటిల్‌లో చేసిన ప్రయోగం గురించి చెప్పాలి. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో చైనీస్ మాట్లాడే మనుషులు 12 సార్లు కూర్చుని ఆడుకున్నారు, పుస్తకాలు చదివి వినిపించారు. ఆ పిల్లలు చైనీస్ ధ్వనుల తేడాను పట్టుకున్నారు. అదే మనుషులను, అవే మాటలను తెర మీద చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. ఆ వయసులో ఎదురుగా మనిషి లేకుండా భాష అంతగా ఎక్కదు. ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మమ్మ ఆ బిడ్డకు ఇవ్వగలిగింది ఏ ఫోనూ ఇవ్వలేదు. ఇంగ్లీషు కోసం ఆమెను పక్కన పెట్టకండి.

పెద్దవాళ్లకు ఆశ కలిగించే పరిశోధన అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో జరిగింది. జపనీయులకు ఇంగ్లీషు 'ర', 'ల' తేడా వినపడదు, 'రాక్', 'లాక్' ఒకటే. డేవిడ్ పిసోని, ఆయన సహచరులు 1990ల్లో అలాంటి జంట మాటలను అనేకమంది గొంతుల్లో వినిపించి, ఏది ఏదో చెప్పమని, తప్పయితే వెంటనే సరిదిద్దుతూ వారాల తరబడి సాధన చేయించారు. వినికిడి మెరుగైంది. ఒకే గొంతుతో నేర్చుకున్నవాళ్లు కొత్త గొంతు దగ్గర తడబడ్డారు, పలు గొంతులతో నేర్చుకున్నవాళ్లు కొత్త గొంతులను కూడా అందుకున్నారు. 1997లో ఆన్ బ్రాడ్‌లో, మరికొందరు కలిసి ఇంకో విశేషం చూపించారు. వాళ్లకు పలకడం ఎవరూ నేర్పలేదు, కేవలం వినిపించారు. అయినా ఉచ్చారణ కూడా మెరుగుపడింది. మూడు నెలల తర్వాత చూసినా ఆ లాభం పోలేదు. చెవి దారి తీస్తే నాలుక వెనక నడుస్తుంది.

మన కోచింగ్ సెంటర్లలో జరిగేది దీనికి తలకిందులు. నాలుకను వంచి, అమెరికన్ యాస పెట్టించి, చెవిని గాలికొదిలేస్తారు. ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పని ఒకటి ఉంది. అర నిమిషం మామూలు సంభాషణ తీసుకుని, అక్షరాలు చూడకుండా నాలుగైదు సార్లు విని, విన్నది రాసుకోవాలి. తర్వాత అసలు పాఠంతో పోల్చాలి. తప్పిపోయినవి పెద్ద మాటలు కావు, 'ఆఫ్', 'హావ్', 'ది' లాంటివే ఎక్కువని తెలుస్తుంది. తప్పిపోయినచోట మళ్లీ వింటే, అక్కడ ఏదో సన్నటి శబ్దం ఉందని చెవి ఒప్పుకుంటుంది. రోజూ వేరే గొంతుతో చేయాలి. ఆడగొంతు, మగగొంతు, ముసలి గొంతు, లండన్, టెక్సస్, లాగోస్.

మాట్లాడేటప్పుడు మనం కూడా అచ్చులను మింగాలా? నా అభిప్రాయం అక్కర్లేదనే. వినడానికి ఆ విద్య తప్పనిసరి, పలకడానికి కాదు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల మధ్య జరిగే సంభాషణలను పరిశీలించి జెనిఫర్ జెన్కిన్స్ 2000లో రాసిన పుస్తకంలో, మసక అచ్చులు పలకకపోవడం వల్ల వాళ్ల మధ్య అర్థం చెడడం లేదన్నారు. వాక్యంలో ముఖ్యమైన మాటను నొక్కడం మాత్రం అవసరమన్నారు. ఒక తెలుగు నర్సు, ఒక నైజీరియా డాక్టరు మాట్లాడుకునేటప్పుడు నిండు అచ్చులు మేలే చేస్తాయి. మన యాస మన భాష ఇచ్చింది, దాన్ని దాచుకోనక్కర్లేదు.

నొక్కు మాత్రం వేరే సంగతి. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందన్న ప్రశ్న మీద ఆర్.కె. బన్సల్ చేసిన అధ్యయనాన్ని హైదరాబాద్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, ఇప్పటి ఇఫ్లూ, 1969లోనే ప్రచురించింది. అర్థం కాకపోవడానికి మాటలో నొక్కు తప్పడం ఒక ముఖ్య కారణమని అందులో ఉంది. మన ఊళ్లోనే, అర్ధ శతాబ్దం కిందటే అచ్చయిన సంగతి ఇది. మంచి ఇంగ్లీషు నిఘంటువులు ప్రతి మాట ఉచ్చారణలోనూ నొక్కాల్సిన ముక్కకు ముందు చిన్న నిలువు గీత పెడతాయి. మన బడి పుస్తకాల్లో పాఠం చివర ఇచ్చే కొత్త మాటల పట్టికలో మాట ఉంటుంది, అర్థం ఉంటుంది, ఆ గీత చాలావరకు ఉండదు. దాన్ని చేర్చడానికి అదనపు పేజీ అక్కర్లేదు. టీచరు ఆ మాటను బోర్డు మీద రాసేటప్పుడు నొక్కే ముక్క కింద ఒక గీటు గీసి, పిల్లలతో రెండుసార్లు అనిపిస్తే చాలు. ఆరో తరగతి నుంచి మొదలుపెట్టవచ్చు.